తైకో నో తత్సుజిన్‌లో నోట్లు మిస్ అవుతుంటే

తైకో నో తత్సుజిన్ అంటే పాటకు తగ్గట్టు తెర మీద వచ్చే ఎరుపు, నీలం గుర్తులను (నోట్లను) సరైన సమయానికి కొట్టే జపాన్ డోలు వీడియో గేమ్. దీన్ని నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్‌లో ఆడుతూ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో పాటకు సరిగ్గా కొట్టినా మిస్ అవుతోందని, జాయ్‌కాన్ (స్విచ్ చేతి కంట్రోలర్) ఊపితే నీలం నోటు ఎరుపుగా పడుతోందని అడిగారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలండీ.

ముందు ఇయర్‌ఫోన్స్ తీసేయండి. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి కొంచెం ఆలస్యమవుతుంది. మీ చెయ్యి చెవినే నమ్ముకుని కదులుతుంది కాబట్టి ప్రతి దెబ్బా వెనకబడుతుంది. వైరు ఉన్నవి పెట్టుకోండి, లేదా స్విచ్ స్పీకర్‌తోనే ఆడి చూడండి. టీవీకి కలిపి ఆడేటప్పుడైతే టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేయాలి. అప్పటికీ తేడా ఉంటేనే ఆటలోని టైమింగ్ సెట్టింగ్ జోలికి వెళ్లండి, అదీ కొద్దికొద్దిగా మార్చండి.

ఇక ఎరుపు అంటే డోలు మధ్యలో కొట్టే 'డోన్', నీలం అంటే అంచు మీద కొట్టే 'కా'. 2018లో స్విచ్‌కు వచ్చిన ఆటలో జాయ్‌కాన్‌ని నిటారుగా కిందికి ఊపితే డోన్, ఏటవాలుగా ఊపితే కా. వేగం పెరిగాక మణికట్టు ఈ రెండింటికీ మధ్యలో తిరుగుతుంది, సెన్సర్‌కి తేడా తెలియదు. తేలిక పాటలకు ఊపడం చాలా సరదాగా ఉంటుంది. కష్టమైన లెవెల్స్‌కి మాత్రం బటన్లే వాడమంటాను. రెండు చేతులకీ ఎరుపు, నీలం బటన్లు ఉంటాయి కాబట్టి వరసగా వచ్చే నోట్లను కుడి, ఎడమ మార్చి కొట్టండి. ఒకే బొటనవేలితో లాగితే త్వరగా అలిసిపోతారు.

పెద్ద నోట్ల గురించి టెన్షన్ వద్దు. రెండు చేతులతో కలిపి కొడితే ఎక్కువ స్కోరు వస్తుంది, ఒక్క చేత్తో కొట్టినా మిస్ కాదు.