లారీ ఎక్కకముందే చూసుకో, అల్లుడూ

కూకట్‌పల్లి, హైదరాబాద్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ షెడ్ నుంచి రాజమండ్రి వైపు చమురు-గ్యాస్ బావికి కేసింగ్ (బావి గోడ కూలకుండా దించే ఉక్కు పైపులు) దించే సామాను వెళ్తోందని, దాంతో పాటు నువ్వూ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఒక్క మాట గట్టిగా చెప్తాను. చూసుకోవాల్సినవన్నీ బాలానగర్‌లోనే చూసుకో. ఇక్కడ లేత్ ఉంది, వెల్డర్ ఉన్నాడు, సీల్ పోతే పక్క సందులో దొరుకుతుంది. అక్కడ నీ సామాను వల్ల రిగ్ ఆగితే గంటగంటకీ నష్టమే, అందరి కళ్లూ నీ మీదే.

ముందు డైలు, అంటే పైపును పట్టుకునే పళ్ల ముక్కలు: పైపు జారకుండా ఆపే స్లిప్స్‌వీ, జాయింట్లు బిగించే పవర్ టాంగ్‌వీ. పళ్ల మధ్య పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, వైర్ బ్రష్‌తో పూర్తిగా తీయించు. తర్వాత వేలితో తడిమి చూడు. పదును పోయిన డై పైపును పట్టుకోదు, జారుతూ గీరేస్తుంది. మార్చితే సెట్టు మొత్తం మార్పించు. అరిగినవాటి పక్కన రెండు కొత్తవి పెడితే బరువంతా ఆ రెండే మోస్తాయి.

టాంగ్ తలుపు తెరిచి ఉన్నప్పుడు అది తిరగకూడదు. ఆ ఇంటర్‌లాక్‌ను నీ ఎదుటే పరీక్ష చేయించు. తొందరలో దాన్ని పనిచేయకుండా కట్టేసేవాళ్లుంటారు. అలాంటి టాంగ్ దగ్గర నిలబడకు, ఎవరు చెప్పినా సరే.

రిగ్ మీదికెళ్లాక టాంగ్ లైన్ చూడు, అంటే బిగించేటప్పుడు టాంగ్ తిరిగిపోకుండా పట్టి ఉంచే వైరు తాడు. అది టాంగ్ చేతికి సరిగ్గా 90 డిగ్రీల్లో, ఒకే మట్టంలో ఉండాలి. కోణం 60కి వస్తే, బిగింపు బలం చూపే గేజ్‌లో 10,000 అడుగు-పౌండ్లు కనిపించినా జాయింట్‌కి అందేది 8,660 మాత్రమే. అందరూ గేజ్‌నే చూస్తారు, లైన్‌ను ఎవరూ చూడరు. నువ్వు చూడు. పైపు చివర మర బట్రెస్ రకం థ్రెడ్ అయితే పైపు మీద త్రిభుజం గుర్తు ఉంటుంది, రెండు పైపులను కలిపే కప్లింగ్ దాని అడుగు గీత దాకా రావాలి. గేజ్‌నూ ఆ గుర్తునూ రెండూ చూసుకో.

డ్రిఫ్ట్ మానొద్దు, అంటే నిర్ణీత సైజు కడ్డీ పైపు లోపల నుంచి దూరుతుందో లేదో చూసే పరీక్ష. 9⅝ అంగుళాల కేసింగ్‌లో అడుగుకి 47 పౌండ్లదీ 53.5 పౌండ్లదీ బయటి నుంచి ఒకేలా ఉంటాయి. మొదటిదాని డ్రిఫ్ట్ 8.525 అంగుళాలు, 8½ అంగుళాల బిట్ (తవ్వే మొన) దిగుతుంది. రెండోదాని మామూలు డ్రిఫ్ట్ 8.379. తేలిక పైపుల మధ్య బరువుది ఒక్కటి కలిసి దిగిందంటే, ఆ తర్వాత బిట్ అక్కడే ఆగిపోవచ్చు.

సెంట్రలైజర్లు (కేసింగ్‌ను బావి రంధ్రం మధ్యలో నిలిపేవి) ఎన్ని రాశారో అన్నీ లెక్కపెట్టి ఎక్కించు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో పేలిన మకోండో చమురు బావిలో లెక్క ప్రకారం 21 కావాల్సి ఉంటే 6తోనే కేసింగ్ దించారు. ప్రమాదానికి అదే కారణమని ఎవరూ తేల్చలేదు, కానీ అలా తగ్గించే పని నువ్వు చేయొద్దు.

థ్రెడ్లకు పూసే గ్రీజు, అదే థ్రెడ్ డోప్, చాలా రకాల్లో సీసం ఉంటుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, భోజనానికి ముందు చేతులు బాగా కడుక్కో. లోడ్ ఎక్కించే ముందు డైల ఫోటోలు దగ్గర నుంచి తీసి వాట్సాప్ చెయ్యి. రాత్రి ఎంతైనా చూసి చెప్తాను.

నీ మామయ్య