లాన్ పీకించే ముందు ఒక్కసారి ఆగు, అమ్మడూ

చి.ల.సౌ. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మీ అత్తా నేనూ చూశాం. ఇంటికి ఉత్తరం వైపు, గోడ దగ్గర్నుంచి మామిడిచెట్టు దాకా గడ్డి పసుపెక్కిపోయి, మధ్యమధ్య ఎర్రమట్టి బయటపడి ఉంది. సంక్రాంతిలోపు లాన్ అంతా తీసేసి ఆర్టిఫిషియల్ టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, వేయించేద్దామనుకుంటున్నామని, నన్నేమంటావని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, కొలతలైతే అసలు గుర్తుండవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అబ్బాయికి కూడా చదివి వినిపించు.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. మా సీతమ్మధార ఇంట్లో నేనూ టర్ఫ్ వేయించాను, రెండుసార్లు. మొదటిసారి వేసింది రెండేళ్లు కూడా నిలవలేదు. రెండోది ఇప్పటికీ బాగుంది. రెండుసార్లూ కొన్న రకం దాదాపు ఒకటే. తేడా అంతా దాని కింద చేసిన పనిలో ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు నీ గడ్డి ఎందుకు చచ్చిందో చూద్దాం. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో పైకప్పున్న పెద్ద స్టేడియం తెరిచారు, ఆస్ట్రోడోమ్ అని. లోపల నిజమైన గడ్డే పెంచారు. కప్పులోంచి దిగే వెలుతురు కళ్లలో కొట్టి, పైకి లేచిన బంతి ఆటగాళ్లకి కనపడకపోయేసరికి, ఆ పారదర్శకమైన పలకలకి రంగు వేశారు. దాంతో ఎండ చాలక గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చిందే. మీ ఉత్తరం వైపు జరిగింది కూడా ఇదే. రెండంతస్తుల గోడ నీడ ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే పడుతుంది, పైన మామిడి గొడుగు. కడియం నర్సరీ నుంచి తెచ్చి పరిచిన గడ్డి ఆ నీడలో ఎన్నాళ్లు బతుకుతుంది? పచ్చదనం తగ్గిందని నువ్వు ఇంకా నీళ్లు పెట్టావు. నీడలో నీళ్లు ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయి.

కానీ గేటు వైపు, తూర్పున ఉన్న ముక్క ఫొటోలో ఇంకా పచ్చగానే ఉంది. అందులో సగం గరికే అనుకుంటా. బెర్ముడా గ్రాస్ అని డబ్బు పెట్టి కొంటున్నది మన వినాయక చవితి గరికనే తల్లీ. అది ఎండకి ఓర్చుకుంటుంది, తొక్కినా మళ్లీ లేస్తుంది. ఆ ముక్క జోలికి వెళ్లకండి. టర్ఫ్ నీడ ఉన్న ఉత్తరం వైపు మాత్రమే వేయించండి. నా సలహాలో ముఖ్యమైనది ఇదే, మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకు.

ఎందుకంటే వేడి. నిజమైన గడ్డి వేళ్లతో నీళ్లు తాగి ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది, అందుకే ఎంత ఎండలోనైనా దాని మీద కాలు పెట్టగలం. ప్లాస్టిక్‌కి ఆ పని చేతకాదు, పడిన ఎండనంతా పట్టి ఉంచుతుంది. ఎండాకాలం ఎండలో దాని పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే. మిగిలిపోయిన ముక్క ఒకటి మా డాబా మీద పరిచి మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి చెయ్యి పెట్టి చూశాను, ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వచ్చింది. వైజాగ్‌లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి వస్తుంది కదా అంటావేమో. ఆ గాలి చెమట పట్టిన మనిషికి హాయిగా ఉంటుంది, నేల మీద కాగుతున్న ప్లాస్టిక్‌ని చల్లార్చడానికి అది చాలదు. పైపుతో నీళ్లు కొడితే కాసేపు చల్లబడి మళ్లీ మొదటికొస్తుంది. చంటిది ఇంకా పాకుతోంది, మీ కుక్కపిల్ల రోజంతా బయటే ఉంటుంది. వాళ్లిద్దరూ నోరు తెరిచి చెప్పలేరు. నీడలో వేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇక కొలతలు. ఉత్తరం వైపు పొడవు 20 అడుగులు, ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా 15 అడుగులు అన్నావు. అంటే 300 చదరపు అడుగులు. టర్ఫ్ రోల్ సాధారణంగా 2 మీటర్ల వెడల్పు వస్తుంది, ఆరున్నర అడుగుల పైన ఒక్క పిసరు. మూడు ముక్కలు పక్కపక్కన పరిస్తే 19 అడుగుల 8 అంగుళాలు. ఇంకో 4 అంగుళాలు మిగులుతుంది. ఆ 4 అంగుళాల కోసం నాలుగో ముక్క కొనిపిస్తారు, జాగ్రత్త. దాన్లో మిగిలేదంతా మీకు వేస్టు, బిల్లులో మాత్రం పూర్తిగా పడుతుంది. అంచులు కాస్త కత్తిరించాక మిగిలే ఐదారు అంగుళాల జాగాలో చివర వారన గులకరాళ్లు పోయించు. చూడ్డానికి బాగుంటుంది, నీళ్లు దిగడానికీ పనికొస్తుంది.

మామిడి మొదలు చుట్టూ కనీసం మూడడుగులు మట్టిగానే వదిలేయాలి. అక్కడ పలుగు కూడా వేయనివ్వకు, పీల్చుకునే వేళ్లు పైపైనే ఉంటాయి. సంప్ మూత, సెప్టిక్ ట్యాంకు మూత, ఇంకుడు గుంత ఎక్కడున్నాయో పనివాళ్లు వచ్చే ముందే సుద్దతో గుర్తులు పెట్టు. మా వీధిలో ఒకరింట్లో డ్రైనేజీ చాంబర్ మీదుగా టర్ఫ్ అతికించేశారు. తర్వాత అది పొంగినప్పుడు మధ్యలో చదరంగా కోయాల్సి వచ్చింది.

ఇప్పుడు నా మొదటి టర్ఫ్ కథ. పనికి వచ్చినతను "గడ్డి గీకేసి, మట్టి చదును చేసి, మీద పరిచేస్తే చాలు సార్, ఒక్కరోజు పని" అన్నాడు. రేటు తక్కువ, నేనూ సరేనన్నాను. సెప్టెంబరు మొదట్లో వేశాడు. అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు వదలకుండా కురిసింది. కింద మట్టి నాని మెత్తబడింది, నడిచిన చోటల్లా గుంటలు పడ్డాయి, గుంటల్లో నీళ్లు నిలిచాయి. వాన వెలిశాక కుళ్లు వాసన. నెల తిరక్కుండా జాయింట్లలోంచి తుంగ పొడుచుకొచ్చింది. తుంగ గడ్డలు మట్టిలో లోతుగా ఉంటాయి, పైన గీకితే పోవు, పలచటి గుడ్డనైతే చీల్చుకుని వస్తాయి. మీ అత్త రోజూ పొద్దున్నే వంగి అవి పీకుతుంటే నాకు మనసొప్పేది కాదు. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదు.

లెక్క చూడు. 300 చదరపు అడుగులంటే సుమారు 28 చదరపు మీటర్లు. ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ కాస్త జాగాలోనే 2,800 లీటర్ల నీళ్లు. మన ఊళ్లో తుపాను రోజుల్లో అంత వాన కొత్త కాదు. ఆ నీళ్లకి దారి చూపించాకే పైన ఏదైనా పరవాలి.

అందుకే నాలుగు అంగుళాల లోతు తవ్వించు, తుంగ గడ్డలు చేత్తో ఏరించు. 300 చదరపు అడుగులకి 4 అంగుళాలంటే సరిగ్గా 100 ఘనపుటడుగులు, ఒక యూనిట్. దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి మెటీరియల్ ఒకటింబావు యూనిట్ తెప్పించు. ముందు మట్టి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, నీళ్లు దిగుతాయి గానీ మట్టి పైకి రాదు. దాని మీద మూడంగుళాలు కంకర, ఆ పైన ఒక అంగుళం క్రషర్ బుగ్గి, అదే రాతిపొడి. బుగ్గి మరీ పిండిలా ఉంటే నీళ్లు దిగవు, బరకగా ఉన్నదే తీసుకో. ప్రతి పొర మీదా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. ఇంటి గోడ నుంచి ప్రహరీ వైపు 15 అడుగుల్లో రెండు అంగుళాలు వాలు రావాలి. మేస్త్రీ కంటిచూపుతో చెబితే ఒప్పుకోకు, నీళ్ల గొట్టంతో మట్టం చూసే ట్యూబ్ లెవెల్ పట్టించు. ప్రహరీ దగ్గర నీళ్లు కాలువలోకో ఇంకుడు గుంతలోకో వెళ్లే దారి ఉండాలి.

అంతా అయ్యాక, టర్ఫ్ విప్పకముందే, ఒక అరగంట పైపు పెట్టి నీళ్లు వదిలి చూడు. ఎక్కడైనా నిలిస్తే అక్కడ సరిచేయించి మళ్లీ వదులు. రెండోసారి నేను మూడుసార్లు ఇలా చేయించాను, మేస్త్రీ విసుక్కున్నాడు. డబ్బులో కొంత ఈ పరీక్ష అయ్యాకే ఇస్తానని ముందే చెప్పేయండి.

కొనేటప్పుడు షాపులో పెద్ద రోల్ చూసి మురిసిపోవద్దు. చేతి రుమాలంత ముక్క అడిగి ఇంటికి తెచ్చుకో. పోగు పాలీఇథిలీన్‌దై ఉండాలి, మెత్తగా ఉంటుంది. పాలీప్రొపిలీన్‌వి చవగ్గా వస్తాయి గానీ గరుకుగా ఉంటాయి, త్వరగా విరిగిపోతాయి. ఇంటికి పోగు ఎత్తు 30 నుంచి 35 మిల్లీమీటర్లు చాలు, బాక్స్ క్రికెట్ గ్రౌండ్లకి వేసే పొడుగు రకం మనకెందుకు? డిటెక్స్ అని అంకెలు చెబుతారు, కంగారు పడకు. పది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ఎక్కువైతే పోగు మందం. దానికన్నా ముక్కని వెనక్కి తిప్పి చూడటం మేలు. ఒక కుచ్చు పట్టుకుని గట్టిగా లాగు, ఊడొస్తే వద్దు. వెనక పూతలో నీళ్లు దిగే రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి, ఒక మగ్గు నీళ్లు పోసి చూడు. ఎండకి రంగు వెలవకుండా గ్యారంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకో, నోటి మాట వద్దు.

పరిచే రోజు అబ్బాయి ఇంట్లో ఉండటం మంచిది. రోల్స్ విప్పి కొన్ని గంటలు అలా వదిలేస్తే మడతలు సర్దుకుంటాయి. మూడు ముక్కల పోగులూ ఒకే వైపు వాలాలి. ఒకటి తిరగబడితే రంగు తేడాగా కనిపిస్తుంది, తర్వాత దానికి మందు లేదు. జాయింట్ కింద టేపు, జిగురు తప్పకుండా వాడాలి, ముక్క మీద ముక్క ఎక్కించకూడదు. మేకులు జింకు పూత ఉన్న జీఐవే కావాలి. మన ఉప్పుగాలికి మామూలు మేకులు ఒక్క వర్షాకాలంలోనే తుప్పు పట్టి చెయ్యీ కాలూ గీరుతాయి.

చివరగా పోగులు నిలబడటానికి మధ్యలో సిలికా ఇసుక చల్లుతారు, చదరపు మీటరుకి ఐదారు కిలోలు. బీచ్ ఇసుక మాత్రం వద్దు, ఉప్పు. నల్ల రబ్బరు గుళికలు పోస్తామన్నా ఒప్పుకోకు. అవి కాళ్లకి అంటుకుని ఇంట్లోకి, వానకి కాలువలోకి పోతాయి. క్రీడా మైదానాల్లో వేసే ఇలాంటి గుళికల అమ్మకం ఆపేయాలని ఐరోపా యూనియన్ 2023లో నిబంధన తెచ్చి, మార్చుకోవడానికి ఎనిమిదేళ్ల గడువిచ్చింది. చంటిది దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. ఇక వేరే ఆలోచన ఎందుకు?

నీళ్లు ఆదా అవుతాయని చెప్పావు, నిజమే. 28 చదరపు మీటర్లకి రోజుకి 5 మిల్లీమీటర్లు తడిపినా 140 లీటర్లు. మధురవాడలో ఎండాకాలం ట్యాంకర్ పిలిచేవాళ్లకి అది చిన్న లెక్క కాదు. కానీ పని తప్పుతుందని మాత్రం అనుకోకు. మామిడాకులు వారానికి రెండుసార్లు ఊడవాలి, తడిగా వదిలేస్తే ఆ నీడలో పాచి పడుతుంది. గట్టి చీపురుతో పోగు వాలుకి ఎదురు ఊడిస్తే మళ్లీ నిలబడతాయి. ఇనుప పళ్ల రేక్ వాడొద్దు. కుక్కపిల్ల పోసిన చోట అప్పుడే నీళ్లు కొట్టండి, మర్నాటికి వాసన పట్టేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం నిప్పు. దీపావళికి చిచ్చుబుడ్డి, కాకరపువ్వొత్తి ఏదైనా సరే గేటు వైపు మట్టి మీదే. ఒక్క రవ్వ పడినా నల్లగా కరిగి గట్టి చుక్క మిగిలిపోతుంది. కార్తీక దీపాలు, అగరొత్తులు, దోమల చక్రం కూడా అంతే. భోగి మంట సంగతి చెప్పక్కర్లేదు. ముగ్గుకీ గొబ్బెమ్మలకీ మీ అత్తగారికి మట్టి వాకిలి కావాలి కదా, తూర్పు వైపు ముక్క ఉంచమనడానికి అదీ ఒక కారణం.

ఒక బాధ మాత్రం నాకు ఉంది, నీకు చెప్పాలి. మంచి టర్ఫ్ అయినా ఎనిమిది, పదేళ్లకి వెలసిపోయి విరగడం మొదలవుతుంది. పోగు ఒక రకం ప్లాస్టిక్, గుడ్డ ఇంకో రకం, వెనక పూత మరొకటి, అన్నీ అతుక్కుని ఉంటాయి. విడదీసి మళ్లీ వాడటం చాలా కష్టం. నా మొదటి టర్ఫ్ చుట్టచుట్టి చెత్తబండిలో పడేసిన రోజు నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. దాని కింద దాదాపు రెండేళ్లున్న మట్టిలో ఒక్క వానపాము కనపడలేదు. అందుకే ఎంత అవసరమో అంతే వేయించమంటున్నాను.

సంక్రాంతి లోపు అన్నారు కాబట్టి డిసెంబరు రెండో వారంలో మొదలుపెట్టండి. వానలు వెనకబడతాయి, జిగురు బాగా పడుతుంది. అప్పటిదాకా గడ్డి పీకించొద్దు, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు. వచ్చే ఆదివారం పొద్దున్న నేనే వస్తాను. ట్యూబ్ లెవెల్, టేపు తెస్తాను. ఎనిమిదికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, నాలుగింటికి ఒకసారి నీడ ఎక్కడిదాకా పడుతోందో సుద్దతో గీద్దాం. మీ అత్త చేసిన ఉసిరికాయ పచ్చడి సీసా కూడా తెస్తున్నాను, మీ అమ్మకి సగం తీసి ఉంచు.

ఆశీస్సులతో,
మావయ్య