లోన్ ఫారంలో 'వాతావరణ ముప్పు' కాలమ్: దేన్ని చూసి టిక్ పెట్టాలి?

మీ జిల్లా సహకార బ్యాంకులో లోన్ అప్రైజల్ ఫారానికి కొత్తగా 'వాతావరణ ముప్పు: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ' అని కాలమ్ చేర్చారనీ, అందరూ 'మధ్యస్థం' కొట్టేసి పంపిస్తున్నారనీ, అసలు దేన్ని చూసి రాయాలనీ అడిగారు. బాపట్ల వైపు ఒక బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుగా చేశాను. అక్కడ చూసింది చెబుతాను.

ఒక్కో రైతు ఫైలు పట్టుకుని ఆ టిక్ పెడితే పెద్దగా తేలేదేం లేదు. ఒక రైతు పంట పోతే బ్యాంకుకి ఏమీ కాదు. అందరిదీ ఒకేసారి పోతేనే చిక్కు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన వరి పనల మీద ఉంది, కోయనిది నేలకి ఒరిగిపోయింది. నీళ్లు తీసేలోపే పనల్లో మొలకలొచ్చాయి. మా పుస్తకాల్లో పంట రుణాలు ఒక హెడ్డు, రైసుమిల్లు క్యాష్ క్రెడిట్ (సీసీ, అంటే సరుకు చూసి ఇచ్చే వాడకపు అప్పు) ఇంకో హెడ్డు, ఎరువుల కొట్ల సీసీ వేరు, ట్రాక్టర్లు, కోత మిషన్లు వేరు. చూడ్డానికి రిస్కంతా చక్కగా పంచినట్టే ఉండేది. మునిగాక చూస్తే అవన్నీ ఒకే డ్రెయిన్ (పొలాల నీళ్లు బయటికి పోయే మురుగు కాలవ) పక్కన ఉన్నాయి.

కౌలు సంగతి ఇంకా తమాషా. పాసుబుక్కు మీద లోను ఆసామిది, పోయింది కౌలురైతు పంట. ఆసామి వేరే డబ్బుతో కట్టేసి రెన్యువల్ చేయించుకుంటాడు, ఆ ఖాతాకి మచ్చుండదు. కౌలురైతు ఎరువుల కొట్లో రాయించుకున్న బాకీ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ కొట్టాయన సీసీ మన దగ్గరే. కొట్లో సరుకెంతుందో బ్యాంకుకిచ్చే లెక్క, అదే స్టాక్ స్టేట్‌మెంటు, ఆలస్యమవుతుంది, వచ్చినప్పుడు సరుకు తక్కువ, రావాల్సిన బాకీల లిస్టు బారెడు. స్వల్పకాలిక పంట రుణం గడువు మీరి రెండు పంట సీజన్లు దాటితేగానీ ఎన్‌పీఏ (మొండి బాకీ) కాదు కాబట్టి, తుఫాను దెబ్బ మాకు ముందు కనపడింది పంట రుణాల్లో కాదు, ఈ కొట్ల ఖాతాల్లోనే.

అందుకని నా సలహా: బ్రాంచి ఖాతాలన్నీ ఒక ఎక్సెల్ షీట్లో పెట్టి, హెడ్డుల వారీగా కాకుండా ఏ డ్రెయిన్, ఏ కాలవ కింద ఉన్నాయో వాటి వారీగా కూడండి. మండలం సరిపోదు, ఒకే మండలంలో మెరకా పల్లమూ రెండూ ఉంటాయి. మా వైపు నల్లమడ డ్రెయిన్ పొంగితే ముందు ఏ ఊరు మునుగుతుందో కాలవ లస్కర్లు (కాలవల్ని కనిపెట్టుకుని ఉండే సిబ్బంది) చెప్పినంత బాగా ఏ మ్యాపూ చెప్పదు. ఒక డ్రెయిన్ కింద మొత్తం అప్పు మీ బ్రాంచి మోయగలిగినదానికి మించితే, అక్కడ వచ్చే కొత్త ఫైలు ఎంత బాగున్నా 'ఎక్కువ' అనే రాయాలి.

తర్వాత బీమా. ప్రీమియం రసీదు ఫైల్లో ఉందని తృప్తిపడకండి, పాలసీ కాపీ తెప్పించి చదవండి. ఒక మిల్లుకి అగ్నిప్రమాద పాలసీ ఉంది. లోపల చూస్తే ప్రీమియం తగ్గుతుందని తుఫాను, వరద కవర్ తీయించేశారు. సముద్రానికి అంత దగ్గర్లో! గోడౌన్లో కింది వరస బస్తాలు తడిస్తే ఆ పాలసీ దేనికి? రెన్యువల్ అప్పుడు ఆ కవర్ పెడితేనే లిమిట్ అని పట్టుబట్టాం. పంట బీమా కూడా 2020 ఖరీఫ్ నుంచి లోను తీసుకున్న రైతుకి తప్పనిసరి కాదు. ఉందనుకోకుండా అడగాలి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. 2018 నాటి ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటే రుణం రీషెడ్యూల్ చేసే (తీర్చే గడువు పెంచే) వీలుండేది: 50 శాతం లోపైతే రెండేళ్లు, ఆపైన అయిదేళ్ల దాకా. కానీ విపత్తు నాటికే గడువు మీరిన ఖాతాకి అది వర్తించేది కాదు. తుఫానుల నెలలకి ముందే గడువు తేదీ పడేలా ఇచ్చిన లోను ఆ సాయానికి దూరమైపోవచ్చు. గడువు తేదీ పంట చేతికొచ్చి అమ్ముడయ్యే కాలానికి సరిపోతుందో లేదో మంజూరప్పుడే చూసుకోండి.

పైవాళ్ల సంగతంటారా, 2024 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ ఇచ్చిన వాతావరణ రిస్కు వెల్లడి ముసాయిదా ప్రధానంగా వాణిజ్య బ్యాంకులకీ, పెద్ద అర్బన్ బ్యాంకులకీ, పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలకీ (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు). మీ బ్యాంకు ఆ జాబితాలో లేదు. ఫారం నింపడం గురించి కంగారు పడక్కర్లేదు, షీటు మాత్రం ఈ ఖరీఫ్‌కి ముందే తయారు చేసుకోండి.

మీ దగ్గర రొయ్యల చెరువుల లోన్లు ఎక్కువుంటే లెక్క మారుతుంది. అక్కడ నీటికంటే కరెంటు పోవడమే ముందు దెబ్బ: నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి చెరువు ఖాళీ. డీజిల్ జనరేటర్ ఉందో లేదో, తిరుగుతుందో లేదో స్వయంగా వెళ్లి ఆన్ చేయించి చూడండి.