ఆ వేడి ఎటు పోయింది?

సత్యనారాయణపురం, విజయవాడ

బాబూ,

నీ కథ అందింది, రాత్రి కూర్చుని చదివాను. భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తా.

పదహారు పేజీల కథలో ఆరు పేజీలు బెంజ్ సర్కిల్ టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ల వాదనే. ఏ అంతరిక్ష ఓడ ఫిరంగి పెద్దది, ఎవరి లేజర్ ఎన్ని గిగాటన్నులు! మా రోజుల్లో హీరోల అభిమానులు వంద రోజుల సెంటర్లు లెక్కపెట్టుకుని కొట్టుకునేవాళ్లు. అచ్చం అలాగే ఉంది.

చివరికి చంద్రుడంత ఆయుధం ఒక్క సెకనులో భూమిని బద్దలు కొడుతుంది. లెక్క వేశావా? ముక్కలు మళ్లీ దగ్గరకు చేరకుండా భూమిని చెదరగొట్టాలంటే 22 పక్కన 31 సున్నాలు పెట్టినన్ని జౌల్స్ కావాలి. సూర్యుడు దాదాపు వారం రోజులు అన్ని దిక్కులకూ వెదజల్లే శక్తి అది. 1760 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పగలూ రాత్రీ నడిచినా, అంత శక్తి పోగవడానికి విశ్వం వయసుకు మూడు లక్షల రెట్ల కాలం పడుతుంది.

ఇంతవరకూ నీ కుర్రాళ్లూ వాదించగలరు. వాళ్లకు తట్టని ప్రశ్న ఒకటుంది. వేడి ఎటు పోయింది?

ఇబ్రహీంపట్నం థర్మల్‌లో ఇరవై ఆరేళ్లు షిఫ్టులు చేసినవాణ్ణి. బొగ్గు మండితే వచ్చే వేడిలో కరెంటయ్యేది సుమారు మూడో వంతు. మిగతాది కొంత చిమ్నీలోంచి పోతుంది, ఎక్కువ భాగం ఆవిరిని చల్లార్చే కండెన్సర్ నీళ్లలోకి. మాకు పక్కనే కృష్ణ ఉంది. నీ ఆయుధానికి ఏముంది? అంతరిక్షంలో గాలీ లేదు, నీళ్లూ లేవు. వేడి కిరణాలుగా బయటికి పోవాల్సిందే, అదీ నిదానంగా. నీ ఆయుధం శక్తిలో నూటికి 99 పాళ్లు భూమి మీదికే పంపిందనుకో. లోపల మిగిలిన ఆ ఒక్క పాలు అసలు చంద్రుణ్ణే పదిహేను సార్లకు పైగా తునాతునకలు చేస్తుంది. భూమి సంగతి సరే, పేల్చినవాడెక్కడ మిగిలాడు?

ఈ మాటే ముప్పై ఐదేళ్ల కిందట నా మొదటి కథలో రాశాను. ఒక వారపత్రిక వేసింది. వేడి గురించిన పేరా మొత్తం ఎగిరిపోయింది. నేను ‘చప్పుడు లేకుండా పేలింది’ అని రాస్తే అచ్చులో ‘చెవులు చిల్లులు పడేలా పేలింది’ అయింది. శూన్యంలో చప్పుడేమిటయ్యా అని బస్సెక్కి వెళ్లి అడిగితే, ‘‘పాఠకుడికి సౌండు కావాలండీ’’ అన్నాడు ఎడిటరు. టీ కూడా ఇప్పించలేదు. ఆ పత్రిక పోయింది గానీ ఆ సౌండు ఇప్పటికీ పోలేదు. నీ కథలోనూ మూడుసార్లు వినిపించింది.

పదకొండో పేజీలో మాత్రం ఆగిపోయాను. మీట నొక్కే ముందు ఆ గన్నర్ అరచేతి చెమట ప్యాంటుకు తుడుచుకుంటాడు. భయమని నువ్వు రాశావు. కాదు, గది కాలిపోతోంది. నిన్నటి ట్రయల్ వేడే ఇంకా గోడల్లో ఉంది. మీట ఇనుము చేతికి చురుక్కుమంటోంది. పైవాళ్లకు చెబితే చల్లబడ్డాకే కూర్చోమన్నారా, నోరు మూసుకుని నొక్కమన్నారా?

ఆ ఆరు పేజీలూ తీసేసి ఈ గదిలోంచి మొదలుపెట్టు. కలం పేరు సంగతి నన్నడక్కు. తిరగరాశాక పట్టుకురా, రోహిణి కార్తె వెళ్లనిచ్చి. మా ఇంట్లో ఏసీ లేదు.