పాత ఓడలకంటే ఇప్పటి క్రూయిజ్ షిప్పులు వేగంగా వెళ్తాయా?

లేదు, నెమ్మదిగానే వెళ్తాయి. 1952లో ఎస్ఎస్ యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ తన తొలి ప్రయాణంలోనే న్యూయార్క్ వైపు నుంచి ఇంగ్లండ్ వైపుకు అట్లాంటిక్‌ను 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటింది. సగటు వేగం 35 నాట్లకు పైనే, అంటే గంటకు సుమారు 66 కిలోమీటర్లు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ వేగం 22 నాట్ల దగ్గరే ఉంటుంది.

ఇంజినీరింగ్ వెనకబడిందనుకుంటే పొరపాటు. అప్పటి లైనర్లు మనుషుల్ని, టపాను గమ్యానికి చేర్చే వాహనాలు; రోజు ముందు చేరడమే వాటి వ్యాపారం. 1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలయ్యాక ఆ పని పోయింది.

అసలు కీలకం ఇంధనం. ఓడ వేగం రెట్టింపు చేయాలంటే ఇంజను శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. యునైటెడ్ స్టేట్స్ ఓడలో 2,40,000 హార్స్‌పవర్ టర్బైన్లు పెట్టింది అందుకే. క్రూయిజ్ షిప్ రాత్రి బయల్దేరి పొద్దున్నకు పక్క రేవు చేరితే చాలు, అంత ఖర్చు దేనికి? పైగా బాల్కనీ గదుల కోసం దాన్ని వెడల్పుగా, ఎత్తుగా కడతారు. లైనర్ బాడీ సన్నగా, ముక్కు మొనదేలి ఉండేది.

ఒక్క మినహాయింపు క్వీన్ మేరీ 2. అది నిజమైన లైనర్, 30 నాట్ల దాకా వెళ్లగలదు. అయినా అట్లాంటిక్ దాటడానికి ఇప్పుడు మామూలుగా ఏడు రోజులు తీసుకుంటుంది.