అకౌంట్స్ రాకుండా బీబీఏలో చేరితే వెనకబడతానా?

ఇంటర్‌లో బైపీసీ చదివాను, డెబిట్–క్రెడిట్ కూడా తెలియదు, కామర్స్ వాళ్లతో పోటీ పడగలనా అని అడిగావు కదా తమ్ముడూ. పడగలవు. మొదటి సెమిస్టర్‌లో అకౌంటింగ్ సాధారణంగా మొదటి నుంచే చెప్తారు.

ముందు ఒక్క సూత్రం పట్టుకో: ఆస్తులు = అప్పులు + మూలధనం. నీ సొమ్ము 6,000, అప్పు 4,000తో వ్యాపారం పెట్టావనుకో, చేతిలో నగదు 10,000. అందులో 3,000 పెట్టి బల్ల కొంటే నగదు 7,000, బల్ల 3,000. మొత్తం మారలేదు. ఇలా రోజుకో నాలుగు లావాదేవీలు కాగితం మీద రాయి.

అందరూ తికమకపడేది ఇక్కడే. డబ్బు వేస్తే బ్యాంకు మెసేజ్‌లో 'క్రెడిట్' అని వస్తుంది, పాఠంలో మాత్రం నగదు పెరిగితే డెబిట్ అంటారు. మెసేజ్ బ్యాంకు పుస్తకం లెక్క. నువ్వు వేసిన డబ్బు వాళ్లు నీకు బాకీ, అందుకే వాళ్లకి క్రెడిట్. నాకిది తలకెక్కడానికి నెల పట్టింది! ఇటలీ గణిత పండితుడు లూకా పాచోలీ 1494లో అచ్చువేయించిన జంట పద్దు పద్ధతే (ప్రతి లావాదేవీని ఒకచోట డెబిట్‌గా, ఇంకోచోట క్రెడిట్‌గా రాయడం) ఇప్పటికీ నడుస్తోంది, భయపడాల్సిన కొత్త విద్యేం కాదు.

ఎక్సెల్‌లో మొత్తాలు, శాతాలు వేయడం వస్తే చాలు. మార్కెటింగ్ పుస్తకాలు ఇప్పుడే కొనకు, సిలబస్ చేతికొచ్చాక చూద్దువు.