ప్రసూతి ఐసీయూకి వెళ్తున్న శిష్యురాలికి

అమ్మా,

వచ్చే నెల నుంచి ప్రసూతి ఐసీయూలో డ్యూటీ పడిందని, షుగర్ ఉన్న గర్భిణి ప్రాణం మీదికి వచ్చి చేరితే ముందుగా ఏం చూడాలని అడిగావు. షుగర్ అంకెతో పాటే కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, చూడు. ఇది నేను పుస్తకంలో చదివి కూడా ఒక రాత్రి మరిచిపోయాను.

ముప్పై రెండో వారంలోనే నొప్పులు మొదలైన ఒకామెకు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం బీటామెథసోన్ ఇచ్చాం; అది షుగర్‌ను పెంచే స్టెరాయిడ్. మర్నాడు వాంతులు పట్టుకున్నాయి. షుగర్ 190 ఉంది, తిండి ఎలాగూ తినడం లేదు కదా అని ఆ పూట ఇన్సులిన్ ఆపించాను. తెల్లవారేసరికి ఆమె గసపోస్తోంది, ఏబీజీలో, అంటే ధమని రక్త పరీక్షలో, పీహెచ్ 7.1కి పడిపోయింది, రక్తం ఆమ్లమయమైందన్నమాట. గర్భిణి రక్తంలో బైకార్బొనేట్ మామూలుగానే 18–22 మధ్య ఉంటుంది కాబట్టి ఆమ్లాన్ని తట్టుకునే నిల్వ తక్కువ; పైగా బిడ్డ గ్లూకోజును లాక్కుంటూనే ఉంటుంది, కడుపు మాడితే కొవ్వు త్వరగా కరుగుతుంది. అందుకే షుగర్ 200 దాటకుండానే కీటోఅసిడోసిస్, అంటే కీటోన్లతో రక్తం ఆమ్లమయం కావడం, రావచ్చు.

అప్పుడు ముందు సెలైన్, ఆ వెంటనే పొటాషియం రిపోర్టు. అది 3.5 కంటే తక్కువుంటే భర్తీ చేశాకే ఇన్సులిన్ మొదలుపెట్టు, లేకపోతే గుండె లయ తప్పుతుంది. ఆ తర్వాత గంటకు కిలోకు 0.1 యూనిట్ చొప్పున పంపులో నడిపించు. షుగర్ 200 దగ్గరికి దిగిందని ఇన్సులిన్ ఆపకు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు ద్రావణం) కలిపి, కీటోన్లు పోయేదాకా కొనసాగించు. ఈలోగా బిడ్డ గుండె గ్రాఫ్ భయపెట్టినా సిజేరియన్‌కు తొందరపడకు, తల్లి రక్తంలో ఆమ్లం తగ్గితే చాలాసార్లు అదీ కుదుటపడుతుంది.

పంపు సిద్ధం చేసేటప్పుడు నువ్వే దగ్గరుండు. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్, 100 యూనిట్ల వయల్ రెండూ ఒకే ఫ్రిజ్‌లో పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. ఎర్ర మూత సిరంజి 40ది, నారింజ మూతది 100ది. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుంటుంది గనుక మొదటి 20 మిల్లీలీటర్లు పారబోయించు.

షుగర్‌ను ఎంతకు దించాలన్న విషయంలో నేను పిసినారిని. 2009లో వచ్చిన నైస్-షుగర్ పరిశోధనలో, 81–108 మధ్య బిగించి ఉంచిన ఐసీయూ రోగులే, 180 వరకు వదిలినవారికన్నా ఎక్కువమంది చనిపోయారు. పరగడుపున 95 లోపు అన్న లెక్క నడిచి వచ్చే గర్భిణులకు. స్పృహ తప్పి వెంటిలేటర్ మీద ఉన్నామె, షుగర్ మరీ పడిపోయి తనకు చెమటలు పడుతున్నాయని చెప్పలేదు. ఇలాంటి వారికి 180 దాటనివ్వను, 100 కిందికి జారనివ్వను. బీపీ పడిపోయి, దాన్ని పెంచే నార్ఎడ్రినలిన్ మందు నడుస్తుంటే వేలి చుక్కను నమ్మకు, ధమని లైన్ నుంచి తీసిన రక్తాన్ని ల్యాబుకు పంపు. రక్తహీనత ఉంటే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

కాన్పు వేళ మాత్రం, బిడ్డకు పుట్టగానే షుగర్ పడిపోకుండా, తల్లి తట్టుకోగలిగినంత వరకు కాస్త బిగించవచ్చు. మాయ బయటికి వచ్చాక ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ నిమిషంలో అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. నువ్వు పంపు దగ్గరికి వెళ్లి వేగాన్ని సగానికి తగ్గించి, గంటలోపు మళ్లీ షుగర్ చూసి చార్టులో రాయి.

ఆశీస్సులతో,
మీ మేడమ్